చెయ్యి మాట విన్న తొడుగు

పవర్ గ్లవ్ పోయి చాలా కాలమైంది. 1989లో పుట్టింది, 1990లోనే దాని తయారీ ఆగిపోయింది. ఏడాది తిరిగేలోగా కాలం చేసిన ఒక ఆటవస్తువుకు ఇన్నేళ్ల తర్వాత నివాళి ఏమిటని ఎవరైనా అడగవచ్చు. అడగవలసిన మాటే. వీడియో గేముల చరిత్రలో చెత్త పరికరాల జాబితా ఎవరు వేసినా అందులో దీనికొక చోటు ఖాయం. దాని పేరెత్తితే నవ్వడం రివాజైపోయింది. నవ్వేవాళ్లలో ఎక్కువమంది దాన్ని ఒక్కసారైనా చేతికి తొడుక్కుని ఎరగరు. నాకు మాత్రం అది ఓడిపోయిన వస్తువులా కనబడదు. దాన్ని అమ్మినవాళ్లు చెప్పిన పని ఒకటి, అది నిజంగా చేయగలిగిన పని ఇంకొకటి. ఆ రెండో పనిలో అది ఎవరికీ అన్యాయం చేయలేదు.

ముందు ఆ రోజులు గుర్తు చేసుకోవాలి. 1980ల రెండో సగంలో అమెరికా ఇళ్లను ఏలింది నింటెండో ఎంటర్‌టైన్‌మెంట్ సిస్టమ్. దాని కంట్రోలర్ అరచేతిలో ఇమిడే చిన్న పలక. ఎడమ బొటనవేలి కింద నాలుగు దిక్కుల మీట, కుడి బొటనవేలి కింద రెండు బటన్లు, నడుమ మరో రెండు. మొత్తం ఎనిమిది సంకేతాలు. ఆట ఎంత గొప్పదైనా ఒంట్లో కదలవలసినవి రెండు బొటనవేళ్లే. కానీ ఆడే పిల్లల ఒళ్లు ఊరుకుంటుందా? మారియో గుంత దాటుతుంటే చేతిలో ఉన్నది కూడా పైకి లేస్తుంది. కారు మలుపు తిరుగుతుంటే భుజం అటే ఒరుగుతుంది. తొంభైలలో మన ఊళ్లకు వచ్చిన నకలు డబ్బాల్లో పసుపు క్యాసెట్లు పెట్టి ఆడుకున్నవాళ్లకు ఇది అనుభవమే. ఆ డబ్బాలతో ఒక్కోసారి తుపాకీ వచ్చేది గానీ తొడుగు మాత్రం మన దాకా రాలేదు. ఒళ్లు అంతగా చెబుతున్నా, ఆ కదలిక యంత్రానికి చేరదు. చేరితే ఎంత బాగుండును అన్న ఆశే ఈ జాతి పరికరాలన్నిటికీ తల్లి.

పవర్ గ్లవ్‌కు ముందు కూడా ఈ ఆశతో పుట్టి, ఎవరి కంటా పడకుండా వెళ్లిపోయినవి ఉన్నాయి. 1981లో డేటాసాఫ్ట్ అనే కంపెనీ లె స్టిక్ అనే జాయ్‌స్టిక్ తెచ్చింది. దానికి పీట లేదు, చేత్తో పట్టుకుని ఎటు వంచితే అటు ఆట నడిచేది. లోపల ఉన్నది పాదరసం స్విచ్చులు. వంచితే పాదరసం జారి తీగలను కలిపేది. మరుసటి ఏడు వచ్చిన జాయ్‌బోర్డ్ ఇంకో అడుగు ముందుకు వేసి, ఆటగాణ్ణే తన మీద నిలబడమంది. అటారీ 2600కు తగిలించి, దాని మీద నిలబడి అటూ ఇటూ ఒరిగితే తెర మీది బొమ్మ మంచు మీద జారుతుంది. దాన్ని చేసిన కంపెనీయే తర్వాత అమిగా కంప్యూటర్ చేసింది. ఆ ఇంజనీర్లు కంప్యూటర్ మొరాయించినప్పుడు జాయ్‌బోర్డ్ మీద కదలకుండా కూర్చుని మనసు కుదుటపరచుకునేవారని ఒక ముచ్చట ఉంది. కదలికను పట్టడానికి పుట్టిన వస్తువు కదలకుండా కూర్చోవడానికి పనికివచ్చిందన్నమాట.

పవర్ గ్లవ్ వంశం మాత్రం వేరు. దాని మూలపురుషుడు థామస్ జిమ్మర్‌మన్. గిటారు లేకుండా, గాలిలో వేళ్లు ఆడిస్తే గిటారు మోగాలన్నది ఆయన కోరిక. వేలి వంపును కాంతితో కొలిచే తొడుగుకు 1982లో పేటెంట్ కోసం దరఖాస్తు చేశాడు. తర్వాత జేరన్ లేనియర్‌తో కలిశాడు. ‘వర్చువల్ రియాలిటీ’ అన్న మాటను లోకానికి అలవాటు చేసిన మనిషి లేనియర్. ఆయన స్థాపించిన వీపీఎల్ రీసెర్చ్ నుంచి డేటాగ్లవ్ వచ్చింది. వేళ్ల పొడవునా సన్నని కాంతి తీగలు, వేలు వంగితే వాటి నుంచి కొంత వెలుగు బయటికి పోతుంది, మిగిలిన వెలుగును బట్టి వంపు ఎంతో తెలుస్తుంది. చెయ్యి గదిలో ఎక్కడుందో చెప్పడానికి అయస్కాంత క్షేత్రంతో పనిచేసే వేరే పరికరం. నాసా వారి ఏమ్స్ పరిశోధన కేంద్రం దాన్ని వాడింది. 1987 అక్టోబరు సైంటిఫిక్ అమెరికన్ ముఖచిత్రం మీద అది కనిపించింది. వెల వేల డాలర్లలో. ప్రయోగశాలల వస్తువు.

ఆ వేల డాలర్ల వస్తువును బొమ్మల దుకాణంలో వంద డాలర్ల లోపు అమ్మాలని సంకల్పించినవాళ్లు న్యూయార్క్‌లోని ఏబ్రమ్స్ జెంటైల్ ఎంటర్‌టైన్‌మెంట్ వారు. వీపీఎల్ దగ్గర హక్కులు తీసుకున్నారు. గ్రాంట్ గొడార్డ్, శామ్యూల్ డేవిస్ దాని రూపం దిద్దారు. అమెరికాలో తయారుచేసింది బార్బీ బొమ్మల మాటెల్, జపాన్‌లో పాక్స్. నింటెండో అనుమతి ముద్ర మాత్రమే వేసింది. దాని పేరు అందరికీ నింటెండో పేరుతోనే కలిసి గుర్తుండిపోయింది గానీ, కన్నవాళ్లూ పెంచినవాళ్లూ వేరు.

ఇక్కడ కాసేపు ఆగాలి. చవక చేయడమంటే కోత కోయడమే అనుకుంటాం. వీళ్లు కోసినచోటల్లా కొత్త ఉపాయం ఒకటి నాటారు. కాంతి తీగల బదులు వేళ్ల వెంట కార్బన్ సిరా పూసిన సన్నని పట్టీలు పెట్టారు. వేలు వంగితే సిరా సాగి కరెంటుకు అడ్డు పెరుగుతుంది. ఎంత పెరిగిందో కొలిస్తే వేలు ఎంత వంగిందో తెలుస్తుంది. అయస్కాంత పరికరం బదులు శబ్దాన్ని ఎంచుకున్నారు. తొడుగు వీపున, వేళ్ల మొదళ్ల దగ్గర, అటొకటి ఇటొకటి రెండు చిన్న స్పీకర్లు. అవి వంతులవారీగా 40 కిలోహెర్ట్జ్ దగ్గర చిన్న చిన్న చప్పుళ్లు చేస్తాయి. మన చెవికి 20 దాటితే వినపడదు గనుక గది నిశ్శబ్దంగానే ఉంటుంది. టీవీ పైనా పక్కనా ఆనించి పెట్టే మూల ఆకారపు చట్రంలో మూడు మైకులు. ఒక్కో చప్పుడు ఒక్కో మైకుకు ఎంతసేపటికి చేరిందో లెక్క కడితే చెయ్యి ఎక్కడుందో తేలుతుంది.

ఆ లెక్క ఎంత సన్ననిదో చూడండి. ఆరడుగుల దూరం నుంచి శబ్దం టీవీకి చేరడానికి సెకనులో వెయ్యో వంతులు అయిదుకు కొంచెం పైన పడతాయి. చెయ్యి ఒక్క సెంటీమీటరు దగ్గరికి జరిగితే ఆ కాలంలో వచ్చే తేడా సెకనును పది లక్షల ముక్కలు చేస్తే అందులో దాదాపు 30 ముక్కలు. రెండు స్పీకర్ల స్థానాలను పోల్చి చెయ్యి ఎంత మెలి తిరిగిందో కూడా చెబుతుంది. ఆ మెలికను 12 మెట్లుగా విడదీస్తుంది. క్రిస్మస్‌కు పిల్లలకు కొనిపెట్టే బొమ్మ 1989లో ఇదంతా చేసేది. చేతిని ముందుకూ వెనక్కీ వాల్చడం ఒకటే దానికి అందలేదు. ఉన్నవి రెండు స్పీకర్లే గనుక ఆ సమాచారం వాటిలో లేదు.

వేళ్ల విషయానికి వస్తే, బొటనవేలు, చూపుడు వేలు, మధ్య వేలు, ఉంగరపు వేలు, ఈ నాలుగిటినే చూస్తుంది. ఒక్కో వేలికి నాలుగు స్థితులు: చాచినది, కొంచెం వంగినది, ఇంకొంచెం వంగినది, ముడిచినది. చిటికెన వేలికి పట్టీ లేదు. కూచిపూడి నేర్చుకునే పిల్లెవరైనా దాన్ని తొడుక్కుని హస్తాలు పడితే ఏమయ్యేదని నేను చాలాసార్లు ఊహించాను. పతాకానికీ త్రిపతాకానికీ తేడా పట్టుకునేది, ఉంగరపు వేలు వంగుతుంది గనుక. ముష్టికీ శిఖరానికీ తేడా కూడా తెలుసుకునేది, బొటనవేలు లేస్తుంది గనుక. శిఖరం తర్వాత మృగశీర్షం పడితే మాత్రం తికమకపడేది. అక్కడ లేచేది చిటికెన వేలు. నాట్యగురువు ముందు పరీక్ష నెగ్గకపోవచ్చు గానీ, మొదటి ఏడాది శిష్యురాలిగా తీసివేయదగినది కాదు.

న్యూజెర్సీలో ఒక మిత్రుడు పాత సామాన్ల అమ్మకంలో కొన్న తొడుగును ఒకసారి చేతికి వేసుకుని చూశాను. బూడిదరంగు ప్లాస్టిక్, అరచేతి వైపు నల్లటి గుడ్డ. చెయ్యి దూర్చాక ముందు తెలిసేది ముంజేతి మీది బరువు. మామూలు కంట్రోలర్ బటన్లన్నీ అక్కడ ఉన్నాయి, వాటి పక్కనే ఫోనుకున్నట్టు అంకెల మీటలు. కుడిచేతికే చేశారు, ఎడమచేతివాటం వాళ్లను లెక్కలోకి తీసుకోలేదు. వేళ్లు ముడిస్తే ఒక బిగువు తగులుతుంది, వదిలితే తొడుగే వేళ్లను మెల్లగా చాచుతుంది. పనిచేస్తోందా లేదా అన్నది పక్కన పెడితే, చేతికి అది ఉన్నంతసేపూ ఎవరైనా తమ చేతిని తామే కొత్తగా చూసుకుంటారు. నా మిత్రుడి కొడుకు దాన్ని వేసుకుని గంటసేపు తీయనన్నాడు, ఏ తీగా ఎక్కడా తగిలించకపోయినా.

ఇంత నేర్చిన తొడుగుకు పెట్టిన పని చూస్తే బాధ కలుగుతుంది. అప్పటికి అంగళ్లలో ఉన్న ఆటలన్నీ ఎనిమిది బటన్ల కోసం రాసినవి. అవి తొడుగు మాట వినలేవు. అందుకని తొడుగే వాటి భాషలోకి దిగవలసి వచ్చింది. చెయ్యి ఎడమకు జరిగితే ఎడమ మీట నొక్కినట్టు, వేలు ముడిస్తే బటన్ నొక్కినట్టు చెప్పాలి. ఏ ఆటకు ఏ కదలిక ఏ బటన్ కావాలో ముంజేతి మీద అంకె నొక్కి ముందే చెప్పాలి. చెయ్యి గదిలో ఎక్కడుందో, ఎంత మెలి తిరిగిందో, ఏ వేలు ఎంత వంగిందో అంతా లోపల కొలిచి, చివరికి కుడి, ఎడమ, ఏ, బీ అని పలికేది. బటనే కావాలంటే బొటనవేలితో నొక్కడం తేలిక కదా. మారియోను నడిపించడానికి చెయ్యి చాచి గాలిలో నిలిపి ఉంచితే పది నిమిషాల్లో భుజం లాగుతుంది. గోడలు శబ్దాన్ని తిప్పి కొడితే లెక్క తప్పుతుంది. పక్కకు తిరిగి కూర్చుంటే అసలు వినపడదు. ఈ కష్టాలన్నీ పిల్లలు తొడుగు ఖాతాలోనే రాశారు.

దాని కోసమే రాసిన ఆటలు మార్కెట్‌లోకి వచ్చింది రెండే. బ్యాడ్ స్ట్రీట్ బ్రాలర్ వీధి కొట్లాట, దాని గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. 1990లో రేర్ సంస్థ చేసిన సూపర్ గ్లవ్ బాల్ వేరే సంగతి. తెర మీద ఒక చెయ్యి తేలుతుంటుంది. ఆటగాడి చెయ్యి ముందుకు వెళితే అదీ లోపలికి వెళుతుంది, పిడికిలి బిగిస్తే అదీ బిగిస్తుంది. గది గోడలకు తగిలి వచ్చే బంతిని పట్టి తిరిగి విసరాలి. తొడుగు తన సొంత భాషలో మాట్లాడగలిగింది ఆ ఒక్క ఆటలోనే. అది వచ్చేసరికి కొన్నవాళ్లు చాలామంది తొడుగును అటక మీదికి ఎక్కించేశారు. ప్రకటించిన మరికొన్ని ఆటలు రానేలేదు. ఒకవేళ సూపర్ గ్లవ్ బాల్ తొడుగుతో పాటే అదే పెట్టెలో వచ్చి ఉంటే కథ కొంత మారేదని నా నమ్మకం.

వైభవం చూడలేదని కాదు. 1989 డిసెంబరులో ది విజార్డ్ అనే సినిమా వచ్చింది. అందులో ఒక పొగరుబోతు కుర్రాడు లోహపు పెట్టె తెరిచి, అందులోంచి తొడుగు తీసి, చేతికి తొడిగి, అందరి ముందూ ర్యాడ్ రేసర్ అనే కార్ల ఆట ఆడతాడు. చుట్టూ ఉన్నవాళ్లు నోరు తెరుచుకుని చూస్తారు. ఆ సన్నివేశంలో వాడన్న ఒక మాటను ఈనాటికీ వెక్కిరింపుగా వాడుతుంటారు. కానీ ఆ పెట్టె తెరిచిన క్షణంలో అమెరికాలో పదేళ్ల పిల్లలు ఎంతమంది ఊపిరి బిగబట్టారో ఆ వెక్కిరించేవాళ్లకే బాగా తెలుసు, ఎందుకంటే వాళ్లే ఆ పిల్లలు. 1991లో వచ్చిన ఫ్రెడీ భయానక చిత్రంలో విలన్ కూడా దాన్నే తొడుక్కున్నాడు. విలన్ చేతికి ఎక్కడం కూడా ఒక గౌరవమే. నలుగురికీ తెలియని వస్తువుతో ఎవరూ హాస్యమాడరు.

తోటివాళ్ల గతీ అంతే అయింది. అదే 1989లో బ్రోడర్‌బండ్ తెచ్చిన యూ-ఫోర్స్ రెండు పలకలను తలుపు రెక్కల్లా కలిపిన పరికరం. పరారుణ కిరణాల నడుమ చేతులు ఆడిస్తే చాలు, ముట్టుకోనక్కర్లేదని చెప్పుకుంది. 1993లో సెగా వారి యాక్టివేటర్ నేల మీద పరిచే అష్టకోణపు చట్రం. మధ్యలో నిలబడి కాలూ చెయ్యీ విసిరి కిరణాలను అడ్డుకోవాలి. దాన్ని ఆడుతున్నవాళ్లను చూస్తే కొట్లాట ఆటలో కంటే ఆ గదిలోనే ఎక్కువ కొట్లాట జరుగుతున్నట్టు ఉండేది. ఇవి రెండూ ఒంటి కదలికను పట్టి, చివరికి దాన్ని బటన్ల లెక్కగా మార్చినవే.

తయారీ ఆగాకే పవర్ గ్లవ్‌కు అసలైన ఉద్యోగం దొరికింది. దాని లోపల ఆటలు అడగని సమాచారం ఉందని కంప్యూటర్లు తెలిసినవాళ్లకు అర్థమైంది. సరైన సంకేతం పంపితే బటన్ల భాష మానేసి స్థానం, మెలిక, వేళ్ల వంపు ఉన్నవున్నట్టు చెబుతుంది. బైట్ పత్రిక 1990లోనే దాన్ని కంప్యూటర్‌కు కలపడం గురించి రాసింది. కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయంలో డేవ్ స్టాంప్, బెర్నీ రోల్ తయారుచేసి ఉచితంగా పంచిన రెండ్386 అనే ప్రోగ్రాం మామూలు 386 కంప్యూటర్‌లో వర్చువల్ లోకాలను చూపించేది. ఆ లోకాల్లో వస్తువులను పట్టుకోవడానికి పవర్ గ్లవ్‌ను ప్రింటర్ పోర్టుకు తగిలించుకునేవారు. డేటాగ్లవ్ కొనే స్తోమత లేని విద్యార్థులు, చిన్న చిన్న పరిశోధన బృందాలు మూల పడేసిన తొడుగులు చవగ్గా కొని, టంకం పెట్టి, తమ మొదటి ప్రయోగాలు దాని మీదే చేశారు. నాసా గదుల్లో ఉన్నదాన్ని హాస్టల్ గదుల్లోకి తెచ్చిన వస్తువు అది. దాన్ని పిల్లలకు అమ్మినవాళ్లు ఈ సంగతి ఊహించి ఉండరు. నా లెక్కలో దాని సేవంతా ఇక్కడుంది, దాన్ని తలచుకోవలసిన చోటూ ఇదే.

సంగీతం చేసేవాళ్లు కూడా దాన్ని సింథసైజర్లకు కలుపుకున్నారు. వేలు ముడిస్తే ఒక స్వరం, చెయ్యి ఎత్తితే ఇంకో స్వరం. జిమ్మర్‌మన్ గాలిలో వాయించాలనుకున్న గిటారు అలా కొందరి చేతుల్లో మోగింది.

2006లో నింటెండో తన చేత్తోనే వీ అనే గేమ్ యంత్రం తెచ్చి, ఊపితే ఆడే రిమోటును పది కోట్లకు పైగా ఇళ్లకు చేర్చింది. అక్కడ చెవులు టీవీ దగ్గర కాదు. చేతిలోని రిమోటులోనే కదలికను పసిగట్టే చిప్పూ చిన్న కెమెరా ఉన్నాయి. అంతకంటే ముఖ్యం, టెన్నిస్, బౌలింగ్ లాంటి ఆటలను ఆ ఊపుడు కోసమే రాసి దానితో కలిపి ఇచ్చారు. తర్వాత 2010లో మైక్రోసాఫ్ట్ కినెక్ట్ చేతిలో ఏమీ లేకుండానే మనిషిని చూడగలిగింది. 2017లో దాని తయారీ కూడా ఆగిపోయింది.

మిగిలిన పవర్ గ్లవ్‌లలో సిరా పట్టీలు ఒక్కొక్కటిగా చీలుతున్నాయి. వేలి వంపు సరిగా చెప్పేవి తగ్గిపోతున్నాయి. ప్రేమ ఉన్నవాళ్లు పట్టీలు మార్చుకుని వాడుతున్నారు. వాళ్లలో నాకు బాగా నచ్చినవాడు డిల్లన్ మార్కీ. రోబోట్ చికెన్ అనే టీవీ సిరీస్‌లో బొమ్మలను వెంట్రుకవాసి వెంట్రుకవాసి జరుపుతూ ఒక్కో ఫ్రేము తీసిన యానిమేటర్ ఆయన. బొమ్మ దగ్గర నుంచి కంప్యూటర్ దాకా మాటిమాటికీ వెళ్లివచ్చే శ్రమ తప్పించుకోవడానికి పాత పవర్ గ్లవ్‌ను విప్పి, లోపల బ్లూటూత్ పెట్టి, చేతికి తొడుక్కుని పనిచేశాడు. ఆయనకు అది కదలికను పట్టనక్కర్లేకపోయింది. ముంజేతి మీది ఆ బటన్లు సరిపోయాయి.